లాప్‌కి ఒక్క యూనిట్ కరెంటు: ఫార్ములా వన్ హైబ్రిడ్ లోపల అసలు ఏం జరుగుతుంది

మన ఇంటికొచ్చే కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 3.6 మెగాజూల్స్ శక్తి. ఫార్ములా వన్ కార్ల రేసుల్లో 2014 నుంచి 2025 దాకా నడిచిన హైబ్రిడ్ (పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే) రూల్స్‌లో బ్యాటరీ నుంచి మోటారుకి ఒక లాప్‌లో (ట్రాకు ఒక చుట్టులో) ఇచ్చుకోవచ్చు అన్న లిమిట్ 4 మెగాజూల్స్, అంటే యూనిట్ కంటే కాస్త ఎక్కువ, మే నెలలో విజయనగరంలో ఒక ఏసీ గంటసేపు తిరిగితే అయిపోయేంత కరెంటు. ఆ ఒక్క యూనిట్ చుట్టూ మెర్సిడెస్, ఫెరారీ, రెనో, హోండా ఏళ్ళ తరబడి వందల కోట్లు పోశాయి, అందులో ముందున్నోళ్ళు ఛాంపియన్లు అయ్యారు, వెనకబడ్డోళ్ళ పరువు ప్రపంచం ముందు పోయింది. మా ఫ్రెండ్స్‌లో ఆదివారం సాయంత్రం ఆరున్నరకల్లా ఫోన్ పట్టుకుని రేసు ముందు కూచునేవాళ్ళు కూడా ఒక యూనిట్‌కి ఇంత సీనుందా అని అడుగుతారు. ఉంది, చాలా ఉంది, అదేటో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. శక్తి ఎంతుంది అన్నది ఒకటి, దాన్ని ఎంత తొందరగా తీసి వాడగలం అన్నది ఇంకొకటి, ఈ రెండూ కలిపేసుకుంటేనే గందరగోళం. ఏసీ ఒక గంటలో తినే కరెంటుని 2025 దాకా ఉన్న ఈ కార్ల మోటారు 33 సెకన్లలో తినేసేది, ఎందుకంటే దాని పవర్ 120 కిలోవాట్లు, హార్స్‌పవర్‌లో చెప్తే 160 పైన. మా శ్రీకాకుళం వైపు పొలాల్లో ఉండే 5 హెచ్‌పీ బోరు మోటార్లు 32 ఒకేసారి స్విచ్ వేస్తే ఎంతో అంత. ఆ కరెంటునంతా ఇచ్చే బ్యాటరీ బరువు 20 నుంచి 25 కిలోలు ఉండాలని అప్పటి రూలు, అంటే ఒక బియ్యం బస్తా. బస్తా అంత బ్యాటరీని అరనిమిషంలో ఖాళీ చేసి, మళ్ళీ నింపి, మళ్ళీ ఖాళీ చేసి, ఇలా గంటన్నర పాటు ప్రతి లాప్‌లో చేయాలి, అది వేడెక్కి కాలిపోకూడదు. కష్టమంతా అక్కడుంది.

ఇప్పుడు ఆ కరెంటు ఎక్కడ నుంచి వస్తుంది అన్నది. రేసు మధ్యలో ఎవరూ ప్లగ్గు పెట్టి ఛార్జింగ్ చేయరు. 800 కిలోల కారు గంటకి 300 కిలోమీటర్ల మీద పోతుంటే ఆ వేగంలో ఉన్న శక్తి దగ్గర దగ్గర 2.8 మెగాజూల్స్. మలుపు ముందు బ్రేకు కొట్టి 80కి తెస్తే అందులో 2.6 దగ్గర మాయం అయినట్టు. మాయం అవ్వదు, చక్రాల్లో ఉన్న కార్బన్ డిస్కుల్లోకి వేడిగా పోతుంది, రాత్రి రేసుల్లో చక్రం లోపల ఎర్రగా నిప్పులా కనబడేది అదే, ఆ డిస్కులు వెయ్యి డిగ్రీల దాకా కాగుతాయి. పెట్రోలు కాల్చి తెచ్చుకున్న వేగాన్ని ప్రతి మలుపు దగ్గరా గాలికి వేడిగా వదిలేస్తున్నారన్నమాట. ఒక్క పెద్ద బ్రేకింగ్‌లో ముప్పావు యూనిట్, అలాంటివి లాప్‌కి ఐదో ఆరో, యాభై అరవై లాప్‌లు.

దీన్ని పట్టుకునే పద్ధతి మన దగ్గర ఎప్పట్నుంచో కళ్ళ ముందే ఉంది. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే కేకే లైను చూడండి. బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బళ్ళు అరకు దాటి, ఘాట్ దిగి, బొడ్డవర, శృంగవరపుకోట మీదుగా కొత్తవలస వస్తాయి. శిమిలిగూడ స్టేషన్ సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకి కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది. ఒక టన్ను ఖనిజం 900 మీటర్లు కిందకి దిగితే రెండున్నర యూనిట్ల శక్తి బయటికొస్తుంది, అది ఫిజిక్స్ లెక్క, ఇక అలాంటి టన్నులు వేలల్లో ఉన్న బండిని బ్రేకు షూల మీదే దింపితే షూలు అరిగి చక్రాలు కాగిపోతాయి. ఇప్పటి డబ్ల్యూఏజీ-9 లాంటి త్రీఫేజ్ లోకోలు దిగేటప్పుడు తమ మోటార్లనే జనరేటర్లుగా మార్చేసి బండిని పట్టి ఉంచుతాయి, అలా పుట్టిన కరెంటుని పైనున్న వైరులోకి తిరిగి పంపేస్తాయి, అదే వైరు కింద ఎక్కుతున్న ఇంకో బండి దాన్ని వాడుకుంటుంది. ఎస్.కోట గేటు దగ్గర ఆగి లోడు బండి పోనిచ్చేవాళ్ళు చాలామందికి ఆ ఇంజను అప్పటిదాకా కరెంటు తినలేదు, ఇచ్చింది అన్న సంగతి తెలీదు.

మోటారు జనరేటరుగా మారడం అంటే ఏటి అని అడిగే కుర్రాళ్ళకి నేను పాత సైకిల్ డైనమో చెప్తాను. దాన్ని టైరుకి ఆనించగానే లైటు వెలిగేది, కానీ ఆ క్షణం నుంచి తొక్కడం బరువయ్యేది, చీకట్లో ఎదురుగాలికి ఆమదాలవలస రోడ్డు మీద తొక్కినోళ్ళకి ఆ బరువు కాళ్ళలో గుర్తుంటుంది. కరెంటు తీస్తే బండి ఆగడానికి చూస్తుంది. రేసు కారులో బ్రేకు పెడల్ తొక్కినప్పుడు జరిగేది ఆ బరువే, కాకపోతే 2025 దాకా అది 160 హార్స్‌పవర్ల బరువు.

రైలుకి ఉండి కారుకి లేనిది పైన వైరు. రైలు తన కరెంటు ఎవరికో ఇచ్చేసి చేతులు దులుపుకుంటుంది, కారు మాత్రం దాన్ని మోసుకెళ్ళాలి, మోయడానికి బ్యాటరీ కావాలి, బ్యాటరీకి బరువుంది, బరువుంటే మలుపుల్లో స్లో అవుతుంది. అందుకే రేసింగ్ హైబ్రిడ్ చరిత్రంతా ఈ శక్తిని ఎక్కడ దాచాలి అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఫార్ములా వన్‌లో ఇది 2009లో మొదలైంది, దాన్ని కెర్స్ అన్నారు. 60 కిలోవాట్లు, లాప్‌కి 400 కిలోజూల్స్, అంటే 80 హార్స్‌పవర్లు ఆరున్నర సెకన్ల పైన, డ్రైవరు స్టీరింగ్ మీద బటన్ నొక్కితే వచ్చేది. 400 కిలోజూల్స్ అంటే యూనిట్‌లో తొమ్మిదో వంతు. ఆ ముందు ఏడాది టెస్టింగ్‌లోనే భయం పుట్టించింది, 2008లో స్పెయిన్‌లో హెరెజ్ ట్రాక్ మీద ఆగిన బీఎండబ్ల్యూ కారుని ముట్టుకున్న మెకానిక్‌కి షాక్ కొట్టి కింద పడిపోయాడు. అప్పట్నుంచి రేసుల్లో కారు ముట్టుకునే ముందు మార్షల్స్ (ట్రాకు పక్కనుండే సిబ్బంది) దాని మీద లైటు ఏ రంగులో ఉందో చూస్తారు, పచ్చ ఉంటేనే చెయ్యి వేస్తారు.

2009లో కెర్స్ పెట్టుకున్నది ఫెరారీ, మెక్‌లారెన్, రెనో, బీఎండబ్ల్యూ మాత్రమే, వాళ్ళు కూడా అన్ని రేసుల్లోనూ వాడలేదు. ఛాంపియన్‌షిప్ కొట్టింది మాత్రం కెర్స్ లేని బ్రాన్ జీపీ టీము. కెర్స్ వల్ల నష్టం కూడా ఉండేది, 80 హార్స్‌పవర్లు ఇచ్చే సామాను బరువు కారులో ఎక్కడ పడితే అక్కడ పెట్టుకునే బరువుని తినేసింది, అంతకుముందు టీములు కారు తేలిగ్గా కట్టి, మిగిలిన బరువుని కావలసిన చోట అడుగున సర్దుకునేవి. పొడుగ్గా, బరువుగా ఉండే డ్రైవర్లకి ఇది మరీ నష్టం. అయినా ఆ ఏడాది హంగరీలో మెక్‌లారెన్ డ్రైవరు హామిల్టన్ గెలిచాడు, కెర్స్ పెట్టుకున్న కారు గెలిచిన మొదటి ఫార్ములా వన్ రేసు అది. 2010లో టీములన్నీ మాట్లాడుకుని మానేశాయి, 2011లో మళ్ళీ వచ్చింది, ఆ సీజన్ మొదటి రేసు ఆస్ట్రేలియాలో రెడ్‌బుల్ డ్రైవరు వెటెల్ కెర్స్ లేకుండానే గెలిచాడు. అంటే అప్పటికి ఇది ఇంకా అదనపు సరుకే, అది లేకపోయినా కారు కారుగానే ఉండేది.

ఇదే టైములో లె మాన్స్ 24 గంటల రేసులో జరిగింది నాకు ఇంకా ఇష్టం, అక్కడ రూల్స్ కొంచెం వదులుగా ఉండటంతో ఒక్కో కంపెనీ ఒక్కో దారి పట్టింది. ఆడి (Audi) కంపెనీ వాళ్ళు శక్తిని బ్యాటరీలో పెట్టలేదు, చక్రంలో పెట్టారు: గాలి తీసేసిన డబ్బాలో కార్బన్ ఫైబర్ చక్రం, నిమిషానికి 45,000 చుట్ల దాకా తిరుగుతుంది, బ్రేకు కొడితే దాని స్పీడు పెరుగుతుంది, మలుపు నుంచి బయటికొచ్చాక దాని స్పీడు తగ్గించి ఆ శక్తిని ముందు చక్రాలకి ఇస్తారు. ఈ ఫ్లైవీల్ తయారీ మొదలెట్టింది విలియమ్స్ వాళ్ళు, ఫార్ములా వన్ కోసం, కానీ రేసులో వాళ్ళ సొంత కారులో ఎప్పుడూ పరిగెత్తలేదు, ఆడి కారులో కూచుని 2012లో లె మాన్స్ గెలిచిన మొదటి హైబ్రిడ్ అయింది. టయోటా సూపర్ కెపాసిటర్ పెట్టుకుంది, అది బ్యాటరీ కంటే చాలా తొందరగా నిండి చాలా తొందరగా ఖాళీ అవుతుంది, బ్రేకింగ్ అనేది రెండు మూడు సెకన్ల పనే కాబట్టి దానికి సరిగ్గా సరిపోతుంది, కాకపోతే ఎక్కువ దాచుకోలేదు. పోర్షే 919 లిథియం అయాన్ బ్యాటరీతో వచ్చి, బ్రేకుల దగ్గరే కాకుండా సైలెన్సర్ వైపు పోయే పొగలో ఒక చిన్న టర్బైన్ పెట్టి దాన్నుంచి కూడా కరెంటు తీసింది, 2015, 2016, 2017 మూడేళ్ళూ వరసగా గెలిచింది. ఒకే ప్రశ్నకి మూడు జవాబులు, మూడూ నిజంగా పరిగెత్తి చూపించాయి. రూల్స్ మరీ బిగించేస్తే ఇలాంటివి పుట్టవు.

ఆ పొగలో టర్బైన్ అన్న మాట దగ్గర ఆగాలి, 2014 ఫార్ములా వన్ అంతా దాని మీదే ఉంది.

పెట్రోలు ఇంజన్‌లో పోసిన ఇంధనంలో చక్రాల దాకా పని చేసేది మూడో వంతు అటూ ఇటూ, మిగతాదంతా వేడి, అందులో పెద్ద వాటా సైలెన్సర్‌లోంచి పోయే వేడి పొగ. బ్రేకు అప్పుడప్పుడు తొక్కుతాం, పొగ మాత్రం యాక్సిలరేటర్ మీద కాలున్నంతసేపూ పోతూనే ఉంటుంది. మామూలు టర్బో ఆ పొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రంతో ఇంజన్‌లోకి గాలి కుక్కుతుంది. 2014 నుంచి 2025 దాకా ఆ ఇరుసు మీదే ఒక ఎలక్ట్రిక్ మోటారు పెట్టారు, దాని పేరు ఎంజీయూ-హెచ్, నిమిషానికి 1,25,000 చుట్ల దాకా తిరగొచ్చని రూలు. బ్రేకుల దగ్గర పని చేసేది ఎంజీయూ-కె, కెర్స్‌కి పెద్దన్న, ఇంజన్ క్రాంక్‌కి కలిపి ఉంటుంది. ఇకనుంచి వాటిని కె, హెచ్ అని పిలుద్దాం.

హెచ్ చేసే పనులు రెండు, ఒకదానికొకటి తిరగేసినట్టు ఉంటాయి. డ్రైవరు ఫుల్ యాక్సిలరేటర్ మీద ఉంటే పొగ బోల్డంత వస్తుంది, టర్బోకి కావలసినంత పోను మిగిలిన జోరుని మామూలు కార్లలో పక్క దారిలో బయటికి వదిలేస్తారు, ఇక్కడ హెచ్ దాన్ని కరెంటు చేసేస్తుంది. డ్రైవరు మలుపులో కాలు తీస్తే పొగ తగ్గి టర్బో నెమ్మదించాలి, మళ్ళీ తొక్కినప్పుడు అది పుంజుకునేదాకా ఇంజన్ నిద్రలో ఉన్నట్టు ఉంటుంది, టర్బో డీజిల్ బండి నడిపినోళ్ళకి ఆ ఆలస్యం తెలుసు. ఇక్కడ హెచ్ కరెంటు తీసుకుని టర్బోని తనే తిప్పుతూ ఉంచుతుంది, కాలు వేయగానే గాలి రెడీగా ఉంటుంది. అంటే టర్బో ఇంజన్‌కి పుట్టుకతో ఉన్న రోగం నయమైపోయింది, పైగా కరెంటు లాభం.

ఇక 2025 దాకా ఉన్న రూల్ పుస్తకంలో అసలు కిటుకు చూడండి. కె నుంచి బ్యాటరీలోకి లాప్‌కి 2 మెగాజూల్స్ మించి పెట్టకూడదు. బ్యాటరీ నుంచి కె కి మాత్రం 4 ఇవ్వొచ్చు. మరి మిగతా రెండు ఎక్కడ నుంచి రావాలి? హెచ్ నుంచి, దాని మీద లిమిట్ లేదు. అంతకంటే పెద్ద కిటుకు, హెచ్ తీసిన కరెంటుని బ్యాటరీ ముట్టుకోకుండా నేరుగా కె కి పంపొచ్చు, దానికీ లిమిట్ లేదు. ఫుల్ స్పీడులో పొగలోంచి పుట్టిన కరెంటు అప్పటికప్పుడు చక్రాలకి పోతుంది, లెక్కలోకే రాదు. అందుకే మొదట్లో నేను చెప్పిన 33 సెకన్లు కాగితం మీది సంఖ్య, మంచి హెచ్ ఉన్న టీముకి ఎలక్ట్రిక్ సాయం అంతకంటే చాలా ఎక్కువసేపు ఉండేది, లేనివాడికి స్ట్రెయిట్ (మలుపుల్లేని పొడుగు దారి) మధ్యలోనే ఆగిపోయేది.

2014లో మెర్సిడెస్ ముందుకు దూసుకుపోవడంలో పెద్ద చెయ్యి దీనిదే. టర్బోలో గాలి కుక్కే చక్రాన్ని ఇంజన్ ముందు వైపు, పొగతో తిరిగే చక్రాన్ని వెనక వైపు పెట్టి, మధ్యలో పొడుగు ఇరుసు వేసి హెచ్‌ని అక్కడ దూర్చారు. వేడిగా ఉండేది చల్లగా ఉండాల్సిన దానికి దూరమైంది, టర్బో కూడా పెద్దది పెట్టుకునే వీలు దొరికింది. 2015లో తిరిగొచ్చిన హోండా మెక్‌లారెన్ కోసం అన్నీ చిన్నగా, దగ్గర దగ్గరగా కట్టింది, ఆ చిన్న టర్బోతో హెచ్ చాలినంత కరెంటు తీయలేకపోయింది, అలోన్సో లాంటి డ్రైవరు స్ట్రెయిట్ మీద అందరూ దాటుకుపోతుంటే సుజుకాలో, హోండా సొంత ట్రాక్ మీద, రేడియోలో కోపంగా అరిచాడు. తర్వాత అదే హోండా తన విమానాల డివిజన్ ఇంజనీర్ల సాయం తీసుకుని ఆ గిర్రున తిరిగే ఇరుసు సమస్యని దారికి తెచ్చింది, 2021లో వెర్‌స్టాపెన్ ఛాంపియన్ అయింది హోండా ఇంజన్‌తోనే. ఆరేళ్ళలో అంత దూరం రావడం మామూలు విషయం కాదు, నాకు వాళ్ళంటే గౌరవం.

లెక్క చూసినా తెలుస్తుంది. 2013 దాకా ఉన్న 2.4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్లు రేసుకి 150 కిలోల దాకా ఇంధనం తాగేవి. 2014లో 100 కిలోలే ఇచ్చారు, పైగా గంటకి 100 కిలోల కంటే ఎక్కువ జోరుగా పోయకూడదన్నారు. గంటకి 100 కిలోలంటే పవర్‌లో 1,200 కిలోవాట్ల దగ్గర. 2017లో మెర్సిడెస్ వాళ్ళు ఫ్యాక్టరీలో టెస్ట్ బెంచ్ మీద అందులో సగానికి మించి పనికొచ్చే పవర్‌గా మార్చి చూపించారు. పోసిన పెట్రోలులో సగం పని చేయడం అంటే ఇంజన్లు కట్టేవాళ్ళకి చిన్న మాట కాదు, వీ8 రోజుల్లో అది 30 శాతం దగ్గరే ఉండేది. ఆ కొత్త ఇంజన్ల సౌండ్ బాగోలేదని అప్పట్లో అందరూ తిట్టారు, 18,000 చుట్ల అరుపు పోయిందని. పొగలో ఉన్న జోరుని టర్బైన్ లాగేసుకున్నాక అరవడానికి ఇంకేం మిగులుతుంది, ఆ నిశ్శబ్దంలోనే పెట్రోలు ఆదా ఉంది.

కె పోతే ఏమవుతుందో చూడాలంటే 2014 కెనడా రేసు చూడాలి. మెర్సిడెస్ డ్రైవర్లు హామిల్టన్, రోస్‌బర్గ్ ఇద్దరూ ముందు హాయిగా పోతున్నారు, రేసు సగం దగ్గర రెండు మెర్సిడెస్‌ల్లోనూ కొద్ది తేడాలో కె ఆగిపోయింది. చూసేవాళ్ళు 160 హార్స్‌పవర్లు పోయాయి, స్ట్రెయిట్ మీద స్లో అవుతారు అనుకున్నారు. అసలు దెబ్బ బ్రేకుల మీద పడింది. వెనక చక్రాలు ఆపడంలో చాలా పని కె చేస్తుంది కాబట్టి ఆ ఏడాది వెనక డిస్కులు చిన్నవి పెట్టుకున్నారు, డ్రైవరు పెడల్ తొక్కితే ఎంత కె పట్టాలి, ఎంత డిస్కు పట్టాలి అని కంప్యూటర్ పంచుతుంది. కె పోగానే ఆ బరువంతా చిన్న డిస్కుల మీదికి వచ్చింది, అది కూడా మాంట్రియల్‌లో, బ్రేకులకి అతి కష్టమైన ట్రాకుల్లో ఒకటి. హామిల్టన్ వెనక బ్రేకులు కాగిపోయి బయటికొచ్చేశాడు. రోస్‌బర్గ్ బ్రేకు ముందు వైపుకి మార్చుకుని, ముందుగా కాలు తీస్తూ కాపాడుకుంటూ వచ్చాడు, చివర్లో రెడ్‌బుల్ డ్రైవరు రికియార్డో దాటేసి తన మొదటి గెలుపు గెలిచాడు. 2009లో కెర్స్ తీసేసినా కారు నడిచేది, ఐదేళ్ళు తిరిగేసరికి అది లేకపోతే కారు ఆగడమే కష్టమైంది.

అదే రికియార్డోకి 2018లో మొనాకోలో కె పోయింది, 78 లాప్‌ల రేసులో 28వ లాప్ దగ్గర. స్ట్రెయిట్లు లేని, దాటడానికి చోటు లేని సందుల ట్రాకు కాబట్టి, వెనక వెటెల్ ఉన్నా, పైగేర్లు వాడకుండా చివరిదాకా పట్టుకుని గెలిచాడు. మాంట్రియల్‌లో అయ్యుంటే ఆ ఆట సాగేది కాదు.

మన తెలుగు నేల మీద కూడా ఈ టెక్నాలజీ ఒకసారి పరిగెత్తింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన 2.8 కిలోమీటర్ల వీధుల్లో ఫార్ములా ఈ రేసు, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, మా వైపు నుంచి కూడా కుర్రాళ్ళు ఫలక్‌నుమా ఎక్కి వెళ్ళారు. ఆ కార్లలో పెట్రోలే లేదు, కానీ బ్రేకు శక్తి పట్టుకోవడంలో ఫార్ములా వన్ వాటి దగ్గర నేర్చుకోవాలి. వెనక మోటారు 350 కిలోవాట్లు, ముందు ఇరుసు మీద పట్టుకోడానికే ఇంకో 250, మొత్తం 600 కిలోవాట్ల దాకా పట్టేస్తాయి, రేసులో వాడే శక్తిలో 40 శాతం పైన అలా తిరిగొచ్చిందే. వెనక చక్రాలకి మామూలు హైడ్రాలిక్ బ్రేకులు పెట్టనే లేదు. ముందు చక్రాలు ఎందుకంత ముఖ్యం అంటే బ్రేకు కొట్టినప్పుడు కారు బరువంతా ముందుకి ఒరుగుతుంది, ఎక్కువ ఆపేది ముందు చక్రాలే, ఫార్ములా వన్‌లో కె వెనక చక్రాలకే కలిసి ఉంటుంది కాబట్టి ముందు డిస్కుల వేడి అంతా ఇప్పటికీ గాలిపాలే. 2024లో హైదరాబాద్ రేసు రద్దయిపోయింది, నాకు నిజంగా బాధేసింది, ఇంజనీరింగ్ పిల్లలు ఆ కారుని కళ్ళతో చూసి నేర్చుకునే ఛాన్సు మళ్ళీ ఎప్పుడొస్తుందో.

ఇక 2026 రూల్స్, ఇప్పుడు అందరూ కొట్టుకుంటున్నది వీటి మీదే. హెచ్ తీసేశారు. కె ని 120 నుంచి 350 కిలోవాట్లకి పెంచారు, 470 హార్స్‌పవర్ల దగ్గర. ఇంజన్ పవర్‌ని తగ్గించి సుమారు 400 కిలోవాట్లకి తెచ్చారు, అంటే ఇంచుమించు సగం పెట్రోలు, సగం కరెంటు, ఇంధనం కూడా పూర్తిగా సస్టైనబుల్ ఫ్యూయల్, అంటే భూమిలోంచి తవ్వి తీసిన నూనెతో చేయనిది. హెచ్ ఎందుకు తీశారంటే అది చాలా ఖరీదు, కొత్తగా వచ్చే కంపెనీకి పదేళ్ళ వెనక నుంచి మొదలెట్టినట్టు ఉంటుంది, రోడ్డు మీద కార్లలో పెద్దగా వాడేది లేదు. దాన్ని తీస్తేనే కొత్తోళ్ళు వస్తారన్న ఆలోచన, ఆడి వచ్చింది, ఫోర్డ్ రెడ్‌బుల్‌తో కలిసింది, హోండా ఆస్టన్ మార్టిన్‌తో ఉండిపోయింది. వ్యాపారపరంగా చూస్తే ఆ నిర్ణయం పని చేసింది, కాదనను.

కానీ శక్తి లెక్క వేయండి. బ్యాటరీలో ఒకసారికి వాడుకోగలిగింది ఇప్పటికీ 4 మెగాజూల్సే. 350 కిలోవాట్ల మీద అది పదకొండున్నర సెకన్లు. లాప్‌కి పట్టుకునేది 8.5 దాకా ఉండొచ్చన్నారు, అది మొత్తం దొరికినా 24 సెకన్లు. చాలా ట్రాకుల్లో లాప్ ఎనభై తొంభై సెకన్లు, అందులో సగానికి మించి ఫుల్ యాక్సిలరేటర్. ఇప్పుడు పట్టుకోవడం వైపు చూడండి, లాప్‌లో బ్రేకుల మీద ఒక 15 సెకన్లు ఉన్నారనుకుందాం, ఆ 15 సెకన్లూ 350 కిలోవాట్ల మీద పట్టినా ఐదూ పావు మెగాజూల్స్. మిగతా మూడు? పొగలోంచి తీసే హెచ్ ఇప్పుడు లేదు. కాబట్టి ఇంజన్ దగ్గరే తీసుకోవాలి: డ్రైవరు మలుపుకి ముందే కాలు తీసి బండిని దొర్లనివ్వాలి, లేదంటే కాలు పూర్తిగా తొక్కి ఉంచే స్ట్రెయిట్ చివర్లో కె తిరగబడి ఇంజన్ పవర్‌ని కరెంటుగా లాక్కోవాలి. దీన్నే సూపర్ క్లిప్పింగ్ అంటున్నారు. ఫుల్ యాక్సిలరేటర్ మీద కారు నెమ్మదించడం అంటే ఇదే.

రూల్ రాసినవాళ్ళకి ఇది ముందే తెలుసు, అందుకే స్పీడు 290 దాటాక ఎలక్ట్రిక్ పవర్ మెల్లగా తగ్గుతూ 345 దగ్గర సున్నా అయ్యేలా పెట్టారు, ముందున్న కారుకి ఒక సెకను లోపల ఉన్నవాడికి మాత్రం ఆ తగ్గుడు కాస్త ఆలస్యంగా మొదలయ్యేలా ఇచ్చారు, దాటుకోడానికి. మోంజా లాంటి ట్రాకు తీసుకుంటే లాప్‌లో ముప్పావు వంతు పైన ఫుల్ యాక్సిలరేటర్, గట్టి బ్రేకు చోట్లు తక్కువ, వాడాలంటే బోల్డు చోటు, పట్టుకోవాలంటే చోటు లేదు. అక్కడ ఏ స్ట్రెయిట్‌లో కరెంటు పెట్టాలి, దేన్ని వదిలేయాలి అన్నది డ్రైవరు కాలి కంటే ముందు శనివారం రాత్రి ఇంజనీర్ల కంప్యూటర్లు తేల్చేస్తాయి.

నా అభిప్రాయం చెప్పమంటే, తీసేయాల్సింది హెచ్ కాదు. ఈ పన్నెండేళ్ళలో ఫార్ములా వన్ నిజంగా కొత్తగా కనిపెట్టి నిలబెట్టింది అదొక్కటే. బ్రేకు కరెంటు రైళ్ళలో ముందే ఉంది, టయోటా ప్రియస్‌లో 1997 నుంచే ఉంది. పొగ నుంచి కరెంటు అన్నదాన్ని గంటన్నర రేసు తట్టుకునేలా చేసి చూపించింది మాత్రం ఇక్కడా, లె మాన్స్‌లో పోర్షే దగ్గరా. రోడ్డుకి పనికిరాదన్న మాట కూడా పూర్తిగా నిలబడదు, మెర్సిడెస్ ఏఎంజీ వాళ్ళు 2022లో సీ43 అనే రోడ్డు కారులో టర్బో ఇరుసు మీద చిన్న ఎలక్ట్రిక్ మోటారు పెట్టి అమ్మారు, టర్బో ఆలస్యం పోగొట్టడానికి. పోర్షే 919లో వాడిన 800 వోల్టుల పద్ధతి టైకాన్ అనే ఎలక్ట్రిక్ కారులోకి వచ్చింది, వోల్టేజి ఎక్కువుంటే అదే పవర్‌కి కరెంటు తక్కువ చాలు, వైర్లు సన్నబడతాయి, ఛార్జింగ్ తొందరగా అవుతుంది. అలా వచ్చినవి ఉన్నాయి, అయితే రేసులో పుట్టిందంతా మన స్కూటర్లలోకి వస్తుందని చెప్పే యాడ్లని మాత్రం నమ్మక్కర్లేదు.

హెచ్ ఉంచి, ముందు ఇరుసు మీద కూడా పట్టుకోనిచ్చి ఉంటే 350 కిలోవాట్ల మోటారుకి తిండి సరిపోయేది, ఖర్చు మాత్రం ఇంకా పెరిగేది, బరువు కూడా. ఇది ఇంజనీరింగ్ మాత్రమే అయితే జవాబు సులభం, కానీ ఎన్ని కంపెనీలు ఉంటే ఆట నడుస్తుంది అన్నది కూడా ఇందులో ఉంది కాబట్టే ఇంత చిక్కు.

మీరు ఈసారి రేసు చూసేటప్పుడు స్పీడ్ మీటర్ పక్కన పెట్టి కారు వెనకున్న ఎర్ర లైటు చూడండి. వాన లేకపోయినా స్ట్రెయిట్ చివర్లో అది టపటపా కొట్టుకుంటే ఆ కారు కరెంటు పట్టుకుంటోంది, సాయం ఆగిపోయింది అని వెనకొచ్చేవాడికి హెచ్చరిక. మలుపుకి ఎంత ముందు నుంచి కొట్టుకోవడం మొదలైందో రెండు కార్ల మధ్య పోల్చి చూస్తే, ఎవరి దగ్గర కరెంటు మిగిలిందో, తర్వాత స్ట్రెయిట్‌లో ఎవరు ఎవర్ని దాటబోతున్నారో కామెంటరీ చెప్పకముందే మీకు తెలిసిపోతుంది.